పుత్తూరు కట్టు: పేరు చెప్పే సంగతి



హొసూరు నుంచి బాగేపల్లి దాకా ఎముక విరిగితే మనోళ్ల నోట వచ్చే మాట 'పుత్తూరు కట్టు'. రేణిగుంట-అరక్కోణం రైలుదారిలో ఉండాది ఆ పుత్తూరు. దాని పక్కన ఈశ్వరాపురంలో రాజుల కుటుంబం 1881 నుంచి చేస్తా ఉండే నాటువైద్యమని చెప్తారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ, ఇంతే సరుకు.

పేరులో దేవుడు లేడు, వైద్యుడు లేడు. ఊరు, చేతిపని, అంతే. అరవబడిలో చదివిన మాకు 'కట్టు' కొత్తమాట కాలేదు. కన్నడంలోనూ కట్టడమంటే అదే. మూడు నుడులోళ్లకూ తెలిసే పేరు గనక ఎల్లలు దాటింది.

అయితే ఆ పేరును ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కట్టంటే ఎముకను కదలనీకుండా నిలపడం, నెత్తురును ఆపడం కాదు. ముందు ఎక్స్‌రే తీయించండి. వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించుకొని ఆసుపత్రికి పోండి. బోర్డును కాదు, కట్టే చేతిని చూసి నమ్మాల.