అరుణ: తెల్లవారుజాము రంగు పేరైన కథ

పసిబిడ్డలకు మనం పెట్టుకొనే పేర్లలో రంగును చెప్పేవి చాలా ఉన్నాయి. శ్యామల, నీల, శ్వేత, హరిత, గౌరి ఇవన్నీ రంగుల మాటలే. వాటిలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలోనూ, సముద్రాలు దాటిన తెలుగు కుటుంబాలలోనూ బాగా స్థిరపడిన పేరు అరుణ. ఈ పేరు ఎక్కడినుండి వచ్చింది? మన ముత్తాతల కాలపు పేర్లతో దీనికి బంధుత్వమేమైనా ఉందా? ఈ సంచికలో ఆ సంగతులు తెలుసుకొందాము.

అరుణ అంటే ఎరుపు అని పిల్లలకు చెప్పి ఊరుకొంటాము. అమరకోశం ఇంకొంచెం జాగ్రత్తగా చెబుతుంది. పూర్తిగా స్పష్టపడని ఎరుపును అది అరుణమని పిలుస్తుంది. మందారపువ్వు ఎరుపు, కుంకుమ ఎరుపు కంటికి నిండుగా కనబడతాయి. అరుణం అలాంటిది కాదు. చీకటి ఇంకా వీడిపోకముందు తూర్పుదిక్కున మెల్లగా తేలివచ్చే రంగు అది.

ఈ రంగుకు పంచాంగంలో ఒక కాలపరిమాణం కూడా ఉంది. సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియల కాలాన్ని అరుణోదయమంటారు. ఒక ఘడియకు 24 నిమిషాలు కనుక అది మొత్తం 96 నిమిషాలు. ఏకాదశి ఉపవాసం ఏ రోజున ఉండాలో నిర్ణయించేటప్పుడు వైష్ణవులు ఈ అరుణోదయ సమయాన్నే లెక్కలోకి తీసుకొంటారు. సింగపూరులో సూర్యుడు ఏడాది పొడుగునా దాదాపు ఏడు గంటలకు ఉదయిస్తాడు. కాబట్టి ఇక్కడి అరుణోదయం సుమారు ఐదున్నరకు మొదలవుతుంది.

జురాంగ్ ఐలాండ్‌లో పనిచేసే మనవాళ్లకు ఈ వేళను వేరుగా పరిచయం చేయనక్కరలేదు. ఉదయపు షిఫ్టువారు ఇల్లు విడిచి బస్సు ఎక్కేది అప్పుడే. పులావ్ ఆయర్ చవాన్, ఆయర్ మెర్బావు, మెర్లిమావు, సక్రా, సెరాయా మొదలైన ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి కట్టిన పారిశ్రామిక ద్వీపమది. 2000 అక్టోబరు 14న దానిని లాంఛనంగా ప్రారంభించారు. పూడ్చే పని 2009లో ముగిసింది. ఏడు దీవులనూ ఒకటిగా చేసిన ఆ చోటికి తెల్లవారుజామున బయలుదేరే మనిషికి అరుణుని కథ తెలిసి ఉండడం బాగుంటుంది. ఆయన కూడా ఏడు గుర్రాల పగ్గాలు పట్టి, అందరికన్నా ముందు పనిలోకి దిగేవాడే.

ఆ కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. కశ్యపునికి కద్రువ, వినత అని ఇద్దరు భార్యలు. కద్రువ వేయిమంది నాగులను కొడుకులుగా కోరింది. వినత వారిని మించిన ఇద్దరు కొడుకులను కోరింది. ఐదువందల సంవత్సరాలకు కద్రువ గుడ్లు పగిలి నాగులు పుట్టారు. వినత గుడ్లు రెండూ అలాగే ఉన్నాయి. ఆమె ఓర్చుకోలేక ఒక గుడ్డును తానే పగులగొట్టింది. లోపలి బిడ్డకు నడుము పైభాగం మాత్రమే ఏర్పడి ఉంది. ఆ బిడ్డే అరుణుడు. తొడలు లేనివాడు కనుక అతనికి అనూరుడని కూడా పేరు. నీ తొందరవల్ల నాకీ గతి పట్టింది, నీ సవతికే దాసివై ఉండు అని అతడు తల్లిని శపించాడు. వెంటనే శాపం తీరే దారి కూడా చెప్పాడు. రెండవ గుడ్డును కదపకుండా కాపాడితే అందులోనుండి పుట్టే తమ్ముడు నిన్ను విడిపిస్తాడని చెప్పి, తాను వెళ్లి సూర్యుని సారథి అయ్యాడు.

దాస్యం ఎలా వచ్చిందో గమనించండి. అది కూడా ఒక రంగు మీద పందెం. ఉచ్చైశ్శ్రవమనే గుర్రం తోక నల్లగా ఉందని కద్రువ, తెల్లగా ఉందని వినత పంతం పట్టారు. ఓడినవారు గెలిచినవారికి దాసి కావాలని ఒప్పందం. కద్రువ తన కొడుకులను పంపి, వారిని నల్లని వెంట్రుకలలా తోకను పట్టి వేలాడమన్నది. చూడబోతే తోక నల్లగా ఉంది. వినత దాసి అయింది. తరువాత గరుత్మంతుడు పుట్టి, అమృతం తెచ్చి ఇచ్చి తల్లిని విడిపించాడు. పెరుమాళ్ కోవెలలో స్వామికి ఎదురుగా చేతులు జోడించి ఉండే గరుత్మంతుని మన పిల్లలందరూ ఎరుగుదురు. ఆయన అన్నగారే అరుణుడని ఎరిగినవారు తక్కువ.

ఒప్పంద కూలీల వంశంలో పుట్టినవారికి ఈ కథ ఒక పురాణగాథగా మాత్రమే వినిపించదు. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాలనుండి మలయా తోటలకు మన పూర్వీకులు వచ్చారు. ఒడంబడిక కింద వచ్చినవారు గడువు తీరేవరకు తోటను విడిచిపోతే అది నేరం. ఓడ ఖర్చు, ముందుగా ఇచ్చిన సొమ్ము వారి కూలినుండి తగ్గేది. మాట సరిగా తెలియక ఒప్పుకోవడం, ఒప్పుకొన్న తరువాత ఏళ్ల తరబడి కట్టుబడడం వినతకు మాత్రమే జరిగిన సంగతి కాదు. మలయాలో ఆ పద్ధతి 1910లో రద్దయింది. బానిసత్వాన్ని ముందుగా చెప్పిన పేరు, విడుదలను కూడా ముందుగా చెప్పిన పేరు అరుణ. మనవంటి ఇళ్లలో ఈ పేరు నిలవడానికి ఇంతకన్నా తగిన కారణం కనబడదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అరుణుడు మగవాడు కదా, ఆడపిల్లకు ఆ పేరేమిటి? సంస్కృతంలో పురుషుని పేరు అరుణః, స్త్రీ పేరు అరుణా. తెలుగులోకి వచ్చేటప్పుడు మొదటిది ‘డు’ చేరి అరుణుడు అవుతుంది. రెండవది చివరి దీర్ఘం పోయి అరుణ అవుతుంది. సీతా సీత అయినట్లు, కమలా కమల అయినట్లు. అందుకే తెలుగువారికి అరుణ ఆడపిల్ల పేరు, అరుణ్ మగపిల్లవాని పేరు. శ్రీలంకలో సింహళీయులు మగపిల్లలకే అరుణ అని పెడతారు. అమ్మవారి వైపునుండి కూడా ఈ పేరుకు బలముంది. లలితా సహస్రనామాలలో సర్వారుణ ఒకటి. పిల్లలు మరొకటి గుర్తుంచుకోవాలి. ఈ పేరులో ఉన్నది ‘ణ’, ‘న’ కాదు. ఇంగ్లీషు అక్షరాలలో ఆ భేదం దాగిపోతుంది, నాలుక మీద దాగకూడదు.

అరుణ సంస్కృత పదం. దీనికి అచ్చతెలుగు మాట ఎర్ర. తోటల్లో బతికిన తరాలలో ఎర్రమ్మ, ఎర్రన్న, నల్లమ్మ, నల్లయ్య వంటి పేర్లు సాధారణంగా ఉండేవి. తరువాతి తరాలవారు ఆ పేర్లను మోటు పేర్లనుకొన్నారు. వాటిని పిల్లలకు చెప్పడానికే సిగ్గుపడిన ఇళ్లు ఉన్నాయి. వారు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది.

తెలుగు భారతాన్ని మొదలుపెట్టిన నన్నయ అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయాడు. మిగిలిన అరణ్యపర్వాన్ని పద్నాలుగో శతాబ్దంలో పూర్తిచేసిన కవి ఎర్రన. ఆయన అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నవాడు. ఆయన తాతగారి పేరు ఎర్రపోతసూరి. అంటే ఆ ఇంట్లో ఎర్ర అన్న మాట తాతనుండి మనుమనికి వచ్చింది. నన్నయ రాత్రి దగ్గర విడిచిన కథను ఎర్రన ఉదయ వర్ణనతో అందుకొన్నాడు. ఆయన రాసిన ఆ మొదటి పద్యం ఆరంభంలోనే అరుణ శబ్దం ఉంది. కవి తన పేరును సంస్కృతంలోకి మార్చి అక్కడ పొదిగాడని పండితులు చమత్కారంగా చెబుతారు. కవిత్రయంలో ఒకరికి తగిన పేరు తోటకూలీ పేరుగా వినబడినంతమాత్రాన మోటు అవుతుందా? ఎర్రమ్మకూ అరుణకూ మధ్య ఉన్నది తరం తేడా. రంగు ఒకటే.

ఆ తేడా ఇరవయ్యో శతాబ్దంలో స్పష్టంగా కనబడింది. బడికి వెళ్లే ఆడపిల్లలకు చివర అమ్మ లేని పొట్టి పేర్లు పెట్టడం పెరిగింది. మూడక్షరాల అరుణ ఆ కోరికకు సరిపోయింది. 1942లో బొంబాయి గోవాలియా మైదానంలో జెండా ఎగురవేసిన అరుణా అసఫ్ అలీ పేరు దేశమంతా వినబడింది. అభ్యుదయ కవులకు అరుణకాంతి రాబోయే మంచి కాలానికి గుర్తు అయింది. భక్తులకు అరుణాచలం ఉండనే ఉంది. 1981లో సీతాకోకచిలుక సినిమాతో ముచ్చర్ల అరుణ తెలుగు ప్రేక్షకులకు పరిచయమయ్యారు. ఇలా దేశభక్తులు, దైవభక్తులు, కవితాభిమానులు, సినీ అభిమానులు ఎవరి కారణంతో వారు పెట్టుకోగల పేరు ఇది. హైదరాబాదులో 1964లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు కావడంతో ఈ పేరు అక్కడి ప్రజాజీవితంలోనూ నిలిచింది.

మన పూర్వీకులు విడిచివచ్చిన ఉత్తరాంధ్రలో, శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం ఉంది. ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ విగ్రహంలో ఏడు గుర్రాలతో పాటు సారథి కూడా ఉన్నాడు. సెలవులకు వెళ్లినప్పుడు పిల్లలకు ఆయనను తప్పక చూపించండి. ఇంట్లో కొత్తగా బిడ్డ పుట్టి పేరు వెతికేటప్పుడు మొదట ఇంటి పెద్దలను అడిగి పాత పేర్లన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాయించుకోండి. అందులో ఎర్రమ్మ ఉంటే, బిడ్డకు అరుణ అని పెట్టుకొన్నా ముత్తవ్వ పేరు పెట్టినట్లే. ఆ బిడ్డ పెద్దదయ్యాక ఈ రెండు పేర్ల బంధుత్వం చెప్పడం మాత్రం మరవకండి.