సిరిమాను ముందు నడచు వల

విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చు మంగళవారమునాడు విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ముందటి సోమవారము తొలేళ్ళు. ఆ రాత్రి అమ్మవారి సన్నిధినుంచిన విత్తనములను రైతులకు పంచుదురు. అవి చల్లిన పొలము పండునని నమ్మకము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి తరలివచ్చు జనమునకు ఇది పంటల పండుగ. కాని దీని మూలము యుద్ధములో నున్నది.

1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు బొబ్బిలి కోటపై పడెను. బొబ్బిలి రాజా రంగారావు నేలకొరగెను. కోటలోని స్త్రీలును బాలురును అసువులు బాసిరి. కొలది రాత్రులకే తాండ్ర పాపారాయుడు గుడారము జొచ్చి విజయరామరాజును పొడిచి చంపెను. బుఱ్ఱకథలును, 1964లో వచ్చిన చలనచిత్రమును బొబ్బిలి వీరులనే కీర్తించినవి. అది న్యాయమే. అయితే గెలిచిన ఊరు కూడ ఏడ్చినదను మాట వానిలో అంతగా వినరాదు. ఆ మాటను దాచియుంచినది ఈ ఊరేగింపు.

పైడితల్లి విజయరామరాజు చెల్లెలని ఐతిహ్యము. మశూచి సోకియున్న ఆమెకు అన్నకు రానున్న ఆపద తోచెనట. వారించుటకై బయలుదేరి, ఆయన మరణవార్త విని పెద్ద చెరువులో లీనమయ్యెనట. పిమ్మట పతివాడ అప్పలనాయుడు అనునతడు బెస్తల సాయమున చెరువునుండి విగ్రహమును పైకి తీసెనని చెప్పుదురు. యుద్ధపు తేదీ గ్రంథములది, చెల్లెలి కథ జనులది. ఒకదాని ఖాతాలో వేఱొకటి జమకట్టరాదు. అట్లని కొట్టివేయనూ రాదు.

సిరిమానుకు తగిన చింతచెట్టు ఎచ్చట నున్నదో అమ్మవారు పూజారికి కలలో తెలుపునందురు. ఆ చెట్టును తెచ్చి హుకుంపేటలో చెక్కుదురు. 50 అడుగులకు పైబడిన ఆ మాను కొనను ఆసనము కట్టి పూజారిని కూర్చుండబెట్టగా, ఆయనయే ఆ దినమున అమ్మవారు. జనులు అరటిపండ్లు విసరి మ్రొక్కులు తీర్చుకొందురు. మూడు లాంతర్లకడనున్న చదురుగుడినుండి కోటవరకు మాను మూడు మారులు తిరుగును. పూసపాటివారు కోట పడమటి బురుజుపైనుండి చూతురు. అంజలిరథము, తెల్లయేనుగు, పాలధార తోడురాగా, చెరువులో వేసిన ఆ నాటి వలకు గుర్తుగా బెస్తవారు తమ వలను పట్టుకొని మాను ముందు నడతురు.

మూడవమారు మాను గుడివైపు మరలుసరికి ప్రొద్దు వ్రాలును. అప్పటికిని వల ముందే యుండును.