0.03 టీఎంసీ కూడా లేని చెరువు: కెల్లీ బార్న్స్ కథ

వానాకాలం వస్తే చాలు, టీవీలో టీఎంసీలు, క్యూసెక్కులు వినీ వినీ మనకు అలవాటైపోతుంది. శ్రీశైలంలో ఇన్ని, సాగర్‌లో ఇన్ని అని. ఇవాళ నేను చెప్పబోయే చెరువులో నీళ్లెన్నో లెక్కేశాను. 0.03 టీఎంసీ కూడా లేవు. ఆ నీళ్లే ఒక్క రాత్రిలో 39 మందిని చంపేశాయి. వాళ్లలో 20 మంది పిల్లలు.

ఊరి పేరు టొకోవా. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి ఈశాన్య మూలన ఉంటుంది. అక్కడ 186 అడుగుల జలపాతం, దాని కింద లోయలో టొకోవా ఫాల్స్ అనే బైబిల్ కాలేజీ. జలపాతానికి ఎగువన, అదే వాగుకు అడ్డంగా ఆ కాలేజీదే ఒక మట్టికట్ట. పేరు కెల్లీ బార్న్స్ డ్యామ్. ఎత్తు 38 అడుగులు, పొడవు 400 అడుగులు, వెనక 40 ఎకరాల నీళ్లు. మన ఊళ్లో అయితే దీన్ని డ్యామ్ అని కూడా అనం, చెరువు కట్ట అంటాం.

ఈ కట్ట ఒక్కసారి కట్టింది కాదు. 1899లో ముందు దుంగలతో గూడులా పేర్చి, లోపల రాళ్లు నింపి ఒక అడ్డుకట్ట వేశారు. చిన్న కరెంటు ప్లాంటు కోసం. 1930ల చివర్లో కాలేజీ వాళ్లు దాని మీదే మట్టి పోసి పెద్దది చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంకా ఎత్తు పెంచారు. తర్వాత విచారణ చేసిన వాళ్లు వెతికితే ఒక్క ఇంజనీరింగ్ డ్రాయింగ్ కూడా దొరకలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటివి చూశాను. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ మీద ఇంకొకరు, దాని మీద మరొకరు. నడుస్తున్నంత కాలం ఎవరూ ముట్టుకోరు. కాకపోతే అక్కడ పడిపోయేది సర్వర్ మాత్రమే.

1957లో కరెంటు తయారీ ఆపేశారు. నన్నడిగితే ఈ కథలో అసలు తేదీ ఇదే. కరెంటు తీస్తున్నంత కాలం ఆ నీటితో ఎవరికో ఒకరికి రోజూ పని ఉంటుంది. ఆ తర్వాత అది విహారానికి ఒక సరస్సు, అంతే. అందరూ చూసేది నీళ్లనే. కట్ట వెనక్కి వెళ్లి, దిగువ వైపు వాలు ఎలా ఉందో చూడటం ఎవరి డ్యూటీ?

ఆ వాలులోనే ఉంది సంగతంతా. మట్టికట్టకు దిగువ వైపు వాలు మెల్లగా ఉండాలి, అడుగు ఎత్తుకు కనీసం రెండడుగుల వెడల్పు అనుకోండి. ఇక్కడ కొన్నిచోట్ల అడుగుకు అడుగే, అంటే 45 డిగ్రీలు. పైగా దాని మీద చెట్లు పెరిగాయి. చెట్టు ఉంటే కట్టకు బలం అనుకుంటాం, కానీ వేరు చచ్చి కుళ్లితే ఆ దారినే నీరు నడుస్తుంది. 1973లో ఎవరో తీసిన ఫోటో ఒకటుంది. అందులో దిగువ వాలు మీద 12 అడుగుల ఎత్తున, 30 అడుగుల వెడల్పున మట్టి జారిపోయి కనిపిస్తుంది. అంటే ప్రమాదానికి నాలుగేళ్ల ముందే కట్ట తన పరిస్థితి చెప్పింది.

1977 నవంబర్ 2 నుంచి 5 దాకా దాదాపు 7 అంగుళాల వాన పడింది. అందులో సగం చివరి రోజు సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి లోపే. ఆ రాత్రి కాలేజీ తరఫు మనుషులు వెళ్లి కట్టను చూసొచ్చారు కూడా. బాగానే ఉందనిపించింది. చీకట్లో, వానలో, పైనుంచి చూస్తే ఏ కట్టయినా బాగానే ఉంటుంది.

ఆదివారం తెల్లవారుజామున ఒకటిన్నర ప్రాంతంలో గండి పడింది. ప్రవాహం గరిష్ఠంగా 24,000 క్యూసెక్కులని అంచనా. కట్ట తెగే సమయానికి చెరువులో ఉన్నది సుమారు 630 ఎకరా-అడుగుల నీరు. ఆ వేగంతో పోతే మొత్తం ఖాళీ అవడానికి 20 నిమిషాలు కూడా పట్టదు. జలపాతం మీద నుంచి దూకి నేరుగా కాలేజీ మీదికి. వాగు పక్కన ట్రైలర్ ఇళ్లలో పెళ్లయిన విద్యార్థులు, సిబ్బంది కుటుంబాలు ఉండేవి. ఒకటిన్నరకి అందరూ నిద్రలోనే ఉంటారు కదా.

ఇదీ కారణం అని విచారణ బోర్డు ఒక్కటి తేల్చలేకపోయింది. నిటారు వాలు జారడం, దానికి తోడు లోపల బుంగ పడటం, మట్టి నానిపోవడం, అన్నీ కలిసి పైభాగం తెగి ఉంటుందని రాసింది. మన రైతులు ‘కట్టకు బుంగ పడింది’ అనగానే ఇసుక బస్తాలు పట్టుకుని పరిగెత్తేది ఇందుకే. బుంగ ఎప్పుడూ చిన్నగానే మొదలవుతుంది.

నాకు కోపం తెప్పించేది వేరే. 1972 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్‌లో ఒక బొగ్గు కంపెనీ కట్ట తెగి 125 మంది చనిపోయారు. జూన్‌లో సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీ వరదలో ఇంకో కట్ట తెగింది. ఆగస్టులో డ్యాముల తనిఖీకి చట్టం వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ, ప్రైవేటు డ్యాముల తనిఖీకి డబ్బు రాలేదు. ఐదేళ్లు అలాగే ఉంది. టొకోవా తర్వాతే, అదీ తన సొంత రాష్ట్రంలో జరిగాక, ప్రెసిడెంట్ కార్టర్ ఆర్మీ ఇంజనీర్లను పంపించారు. వాళ్లు 8,000కు పైగా డ్యాములు చూస్తే దాదాపు మూడో వంతు సురక్షితం కాదని తేలింది. జార్జియా 1978లో సొంత చట్టం చేసుకుంది.

మరి మన దగ్గర? మనకు 2021 డ్యామ్ భద్రతా చట్టం ఉంది. 15 మీటర్లు దాటితే నేరుగా దాని కిందికి వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే ఇంకో షరతు కూడా కుదరాలి: 500 మీటర్ల పొడవో, 10 లక్షల ఘనపు మీటర్ల నిల్వో, సెకనుకు 2,000 ఘనపు మీటర్ల వరదో, పునాది సమస్యో, అసాధారణ డిజైనో. సరదాకి కెల్లీ బార్న్స్‌ను ఇందులో పెట్టి చూశాను. ఎత్తు 11.6 మీటర్లు. పొడవు 122. నీరు ఏడు లక్షల డెబ్బై వేల ఘనపు మీటర్ల చిల్లర. ఆ రాత్రి తెగినప్పటి ప్రవాహం కూడా సెకనుకు 680 ఘనపు మీటర్లే. ఏ అంకెలోనూ పట్టుబడదు. మట్టి లోపల పాత దుంగల గూడు ఉంది కాబట్టి ‘అసాధారణ డిజైన్’ అని ఎవరైనా వాదించొచ్చు. కాకపోతే అది చూపించడానికి డ్రాయింగ్ కావాలి.

కట్టను మళ్లీ కట్టలేదు. కాలేజీ ఇప్పటికీ ఉంది, వాగు ఇప్పుడు అడ్డు లేకుండా జలపాతం మీద నుంచి దూకుతోంది.