ఉత్తరాయణం డిసెంబరులో, సంక్రాంతి జనవరిలో

డిసెంబరు నెలాఖరు వచ్చేసరికి విశాఖలో ఏటా రెండు ప్రశ్నలు మొదలవుతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్ళే బండిలో చోటు దొరుకుతుందా అన్నది ఒకటి. పండగ 14నా, 15నా అన్నది రెండోది. స్టీలు ప్లాంటులో షిఫ్టు మార్చుకోవాలన్నా, పోర్టులో సెలవు పెట్టుకోవాలన్నా ముందు రెండోది తేలాలి. ఇంట్లో ఒక క్యాలెండరు ఒకటి చెబుతుంది, పురోహితుడి పంచాంగం మరొకటి చెబుతుంది. చివరికి ఎవరో ఒకరు అననే అంటారు: "ఇదివరకు ఈ గోల లేదు, ఎప్పుడూ 14నే కదా!"

ఎప్పుడూ 14నే కాదు. స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి. అప్పటికి 12న వచ్చిన పండగ ఇప్పుడు 14, 15 తేదీల మధ్య ఊగుతోంది. ఎందుకిలా జరుగుతోందో తెలియాలంటే పండగ పుట్టుక దాకా వెళ్ళాలి.

మన పండగల్లో చాలా భాగం చంద్రుడివి. ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి అన్నీ తిథుల లెక్క. అందుకే అవి ఇంగ్లీషు తేదీల్లో ఏటా పదీ ఇరవై రోజులు అటూ ఇటూ గెంతుతాయి. సంక్రాంతి అలా కాదు. సూర్యుడు ధనూరాశి దాటి మకరరాశిలో అడుగుపెట్టే క్షణమే దానికి ఆధారం. తిథితో, నక్షత్రంతో, వారంతో పని లేదు. తెలుగువాళ్ళు చాంద్రమానం పాటించేవాళ్ళయినా, వాళ్ళ అతి పెద్ద పండగ మాత్రం సౌరమానానిది. అంతేకాదు, చాంద్రమానాన్ని దారిలో పెట్టేది కూడా సంక్రమణమే. ఏ చాంద్రమాసంలో సూర్యుడు రాశి మారడో అది అధికమాసం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది అందుకే. పన్నెండు సంక్రమణాలు లేకపోతే మన ఉగాది ఏ ఎండాకాలానికో, వానాకాలానికో జారిపోయేది.

సూర్యుడు మకరంలో ప్రవేశించిన సమయాన్ని దృగ్గణితం, అంటే కంటికి కనబడే ఆకాశంతో సరిపోయే లెక్క ప్రకారం వరసగా చూడండి. 2022లో జనవరి 14 మధ్యాహ్నం 2.43. 2023లో 14వ తేదీ రాత్రి 8.57. 2024లో 15వ తేదీ తెల్లవారుజామున 2.54. 2025లో మళ్ళీ 14, ఉదయం 9.03. ఏడాదికి సుమారు ఆరు గంటలు ముందుకు జరుగుతూ పోతుంది, లీపు సంవత్సరంలో కలిపే ఫిబ్రవరి 29 దాన్ని మళ్ళీ వెనక్కి లాగుతుంది. ధర్మశాస్త్ర నిర్ణయం దీనికి తోడవుతుంది. మకర సంక్రమణానికి పుణ్యకాలం సంక్రమణం తరవాతే, 40 ఘడియల పాటు. ఘడియకు 24 నిమిషాల చొప్పున పదహారు గంటలు. సూర్యాస్తమయం దాటాక సంక్రమణం జరిగితే స్నానదానాలు, తర్పణాలు మర్నాటికి వెళతాయి. అందుకే 2023లో సంక్రమణం 14 రాత్రి జరిగినా పండగ 15న చేసుకున్నాం. కర్కాటక సంక్రమణానికి ఇది తిరగబడుతుంది. దానికి పుణ్యకాలం సంక్రమణానికి ముందు 30 ఘడియలు. దక్షిణాయనం రాకముందే పుణ్యం కట్టుకోవాలి, ఉత్తరాయణం వచ్చాక కట్టుకోవాలి. శాస్త్రకారుల లెక్కలోనే పండగ అర్థం దాగి ఉంది.

ఆ అర్థం పాతది. మనకు ఒక సంవత్సరం దేవతలకు ఒక రోజు. ఉత్తరాయణం వాళ్ళ పగలు, దక్షిణాయనం వాళ్ళ రాత్రి. పన్నెండు నెలలు ఇరవై నాలుగు గంటలైతే నెలకు రెండు గంటలు. మకర సంక్రమణంతో పగలు మొదలయితే, దానికి ముందున్న ధనుర్మాసం సరిగ్గా తెల్లవారుజాము రెండు గంటలు. వైష్ణవాలయాల్లో ఆ నెలంతా చీకటితోనే తిరుప్పావై చదవడం, పొంగలి నైవేద్యం పెట్టడం ఈ లెక్కలోనివే. భీష్ముడు అంపశయ్య మీద ఎదురుచూసిందీ, భగవద్గీత ఎనిమిదో అధ్యాయం మోక్షమార్గంగా చెప్పిందీ ఈ ఉత్తరాయణాన్నే.

లెక్కలు తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక చిక్కు పట్టుకున్నారు. దేవతలుండే మేరువు భూమికి ఉత్తర ధ్రువం. అక్కడ సూర్యుడు కనబడడం మొదలయ్యేది విషువత్తు నాడు, అంటే మార్చిలో. మరి జనవరిలో వాళ్ళకు పగలెలా అవుతుంది? పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో ఈ ప్రశ్నకు సమాధానమిచ్చాడు. సూర్యుడు పగటి వైపు తిరిగిన క్షణం నుంచీ దాన్ని పగలుగా లెక్కపెట్టారని ఆయన సమన్వయం. అర్ధరాత్రి పన్నెండు దాటగానే మనం తేదీ మార్చేస్తున్నామే, అలాగన్నమాట.

అసలు చిక్కు మరొకటుంది. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మకరంలో ప్రవేశించేది జనవరి 14న. విశాఖ బీచ్ రోడ్డు మీద ఏడాది పొడుగునా పొద్దున్నే నడిచేవాళ్ళు దీన్ని కంటితోనే పోల్చుకోవచ్చు. జూన్‌లో సూర్యుడు కైలాసగిరి వైపుకి జరిగి లేస్తాడు, డిసెంబరులో డాల్ఫిన్ నోస్ వైపుకి జరుగుతాడు. డిసెంబరు 22 నాటికి తిన్నని తూర్పు నుంచి దక్షిణానికి దాదాపు 25 డిగ్రీలు ఒరిగిపోయి, అక్కడ ఆగి, వెనక్కి తిరుగుతాడు. సంక్రాంతి నాటికి ఆయన వెనక్కి వచ్చింది రెండు డిగ్రీలు, అంటే నాలుగు సూర్యబింబాల మేర. పగలు పెరిగింది పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. పైగా భోగి మంటలు వేసే నాటికి విశాఖలో తెల్లవారడం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది, ఆరున్నర దాటితేగాని సూర్యుడు కనబడడు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా కదులుతుంది. దానికి భూమి అక్షం వంపు తోడై మధ్యాహ్నమే రోజూ కొన్ని సెకన్లు వెనకపడుతుంది. పెరిగిన పగలంతా సాయంత్రం వైపు చేరుతుంది.

ఈ 24 రోజుల ఎడం ఒకప్పుడు లేదు. లగధుడి వేదాంగ జ్యోతిషం రాసిన కాలంలో ఉత్తరాయణం సూర్యుడు ధనిష్ఠా నక్షత్రం మొదట్లో ఉండగా ఆరంభమయ్యేది. ఆరో శతాబ్దానికి వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇందులో వచ్చిన మార్పును సూటిగా ఎత్తుకున్నాడు. పూర్వం ధనిష్ఠ మొదట్లో మళ్ళేదని పాత శాస్త్రాలు చెబుతున్నాయి, ఇప్పుడు మకరం మొదట్లోనే మళ్ళుతోంది, అనుమానముంటే స్వయంగా పరిశీలించి చూసుకోండి అన్నది ఆయన మాట సారాంశం. భూమి అక్షం బొంగరంలా తల తిప్పుతూ సుమారు 25,800 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. దానివల్ల నక్షత్రాలతో పోలిస్తే సూర్యుడు మళ్ళే చోటు, అంటే అయన బిందువు, దాదాపు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ వెనక్కి జరుగుతుంది. పంచాంగాల్లో అయనాంశ అని ఉండే అంకె ఈ జరుగుడుకు కొలతే. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది. ఇప్పుడు ఎక్కువగా వాడే లాహిరి లెక్క ప్రకారం క్రీ.శ. 285 ప్రాంతంలో అది సున్నా. ఆ రోజుల్లో సూర్యుడు ఉత్తరానికి మళ్ళడం, మకరంలో ప్రవేశించడం ఒకే రోజు జరిగేవి. రెండు ఘటనలూ ఒకే పండగై కలిసిపోయాయి. తరవాత ఆకాశం వాటిని విడదీసింది, పండగ మాత్రం నక్షత్రాలతో ఉండిపోయింది.

సూర్యుణ్ణి కొలిచే పని విశాఖకు కొత్తేమీ కాదు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళ శాస్త్రం నేర్చుకుని, 1840లో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడు. అప్పటికి ఇక్కడ హార్బరు లేదు, అది వచ్చింది 1933లో. ఓడలు తీరానికి దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. నావికుడికి తన గడియారం సరైనదో కాదో తెలియాలి, ఎందుకంటే నాలుగు సెకన్లు తప్పితే ఓడ ఉన్న చోటు లెక్కలో రెండు కిలోమీటర్ల దాకా తప్పుతుంది. అందుకే జగ్గారావు డాల్ఫిన్ నోస్ కొండ మీద జెండా కొయ్య నాటించి, రోజూ ఊరికీ ఓడలకూ సమయం తెలిసే ఏర్పాటు చేశాడు. మధ్యాహ్న రేఖను సూర్యుడో నక్షత్రమో దాటే క్షణాన్ని పట్టుకుంటేనే ఆ సమయం వస్తుంది. సంక్రమణ ఘడియను కట్టే సిద్ధాంతికీ, ఓడ గడియారాన్ని దిద్దే జగ్గారావుకీ మూలధనం ఒకటే: సూర్యుడు ఫలానా క్షణంలో ఫలానా చోట ఉన్నాడని చెప్పగలగడం.

1856లో జగ్గారావు పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా చేర్చుకుంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటుతుంటే ఆయన విశాఖ నుంచే గమనించి, ఆ వివరాలను సొసైటీకి పంపారు. 1892లో ఆయన మరణించాక భార్య అచ్చయ్యమ్మ కొంతకాలం వేధశాలను నిలబెట్టారు.

అదే కాలంలో మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు మరో మెట్టెక్కారు. పాత పట్టికల్లోంచి కట్టిన పంచాంగానికీ, దుర్బిణిలో కనబడే ఆకాశానికీ తేడా వస్తోందని చూసి, దృగ్గణిత పంచాంగం వెలువరించారు. పూర్వ పద్ధతివాళ్ళకీ దృక్కువాళ్ళకీ వాదం అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. ఇద్దరి లెక్కల్లో సంక్రమణం కొన్ని గంటలు తేడా వస్తుంది. ఆ గంటలు సూర్యాస్తమయానికి అటూ ఇటూ పడ్డ ఏడాది పండగ ఒకరికి ఒక రోజు, మరొకరికి మరో రోజు అవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఈ తగవు తీర్చాలని చూసింది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షుడిగా పంచాంగ సంస్కరణ సంఘం వేసింది. ఎన్.సి. లాహిరి దానికి కార్యదర్శి. సాహా శాస్త్రవేత్త. రుతువులకు తగ్గట్టు క్యాలెండరు ఉండాలని పట్టుబట్టాడు. 1957 మార్చి 22 నుంచి అమలైన జాతీయ శక క్యాలెండరు ఆయన మాట ప్రకారం రుతువులతోనే నడుస్తుంది. పండగల విషయంలో మాత్రం సంఘం జనం పాటించే నక్షత్ర రాశులకే లొంగింది, అయితే అయనాంశను 1956 మార్చి 21 నాటికి 23 డిగ్రీల 15 నిమిషాలుగా ఖాయం చేసింది. ఇవాళ మన ఫోన్లలో పంచాంగం చూపించే యాప్‌లలో ఎక్కువ భాగం వాడేది ఆ లాహిరి అయనాంశనే.

మకరాన్ని వదులుకోవడానికి జనం ఎందుకు ఒప్పుకోరు? జ్యోతిషంలో మకరం శని ఇల్లు. సూర్యుడు శనికి తండ్రి, ఇద్దరికీ పడదు. ఏడాదికోసారి ఆ తండ్రి కొడుకు ఇంటికి వెళ్ళే రోజు సంక్రాంతి. శనికి ప్రీతి అయిన నల్ల నువ్వులు ఆనాడు తర్పణంలో పడతాయి, నువ్వులూ బెల్లమూ వంటలో కలుస్తాయి, గుమ్మడికాయ దానానికి వెళుతుంది. ఊళ్ళకు వెళ్ళే ప్రతి బస్సులోనూ ఎవరో ఒక తండ్రి, ఎవరో ఒక కొడుకు ఉంటారు కాబట్టి ఈ కథకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. విశాఖలో పెద్దలకు తర్పణం విడిచేవాళ్ళు పొద్దున్నే సముద్రానికి వెళతారు. కనుమనాడు సింహాచలంలో అప్పన్నస్వామికి మకరవేట జరుగుతుంది, గజేంద్రమోక్షం కథ ఆడి చూపిస్తారు.

కొందరు చదువుకున్నవాళ్ళు సంక్రాంతిని డిసెంబరు 22కి మార్చెయ్యాలంటారు. మారిస్తే ఉత్తరాయణం దక్కుతుంది కానీ మకరం పోతుంది. శని ఇల్లు, ధనుర్మాసం ముగింపు, అధికమాసాల లెక్క అన్నీ దాంతో కదులుతాయి. ఉంచేస్తే పండగ 5,000 ఏళ్ళకు మార్చి నెలాఖరుకి చేరుతుంది. అప్పటి కొత్త పంట, చలి ఎలా ఉంటాయో ఆ తరంవాళ్ళు చూసుకుంటారు. మన తరం చెయ్యగలిగింది, రెంటినీ కలిపేయకుండా విడివిడిగా, వరాహమిహిరుడు చెప్పినట్టు స్వయంగా పరిశీలించి చూడడం. ఉత్తరాయణం కావాలంటే డిసెంబరు 22 పొద్దున బీచ్ మీద నిలబడి సూర్యుడు లేచే చోటు గుర్తు పెట్టుకోవాలి. సంక్రాంతి కావాలంటే పంచాంగంలో సంక్రమణ సమయం చూసి, అది సూర్యాస్తమయానికి ముందో వెనకో లెక్కపెట్టుకోవాలి. ఈసారి 14నా 15నా అన్న వాదన వస్తే, అవతలివాళ్ళ పంచాంగం తప్పనే ముందు, అది ఏ గణితం ప్రకారం కట్టిందో అడిగితే సగం గొడవ తీరుతుంది.