మగ్గం పక్కన ఉయ్యాల

బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో మగ్గమూ ఉయ్యాలా ఒకే కప్పు కింద ఉండేవి. తల్లి కండెలు చుడుతూనే బిడ్డను చూసుకునేది. 1936లో గంజాం మద్రాసు నుంచి ఒడిశాలో కలిసినా ఆ పద్ధతి మారలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో క్రెష్ ఉండేది గానీ, ఇంటి మగ్గానికి ఆ చట్టం ఎక్కడ వర్తించేది?

చిక్కంతా ఆడపిల్లలు బయటి ఉద్యోగాలకి వెళ్లాకే. 2017 సవరణ 26 వారాల సెలవిచ్చింది. క్రెష్ మాత్రం 50 మంది పనిచేసే చోట్లకే. మన ఊరి చిన్న స్కూళ్లు, కొట్లు ఆ లెక్కలోకి రావు. ఇక శ్రీకాకుళం నుంచి అమ్మమ్మ దిగాలి, లేదా ఒడియా ఆయా కావాలి. ఆయా చేతిలో తెలుగు పోతుందని మన పెద్దల బెంగ. నేనైతే ముందు ఆవిడ ఓపిక, శుభ్రం చూడమంటాను. తెలుగంటారా, సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మానాన్నలు మాట్లాడాలి కదండీ!