శ్రీహరికోటలో ఒక దినము

రేపల్లె, బాపట్ల ప్రాంతములవారికి సముద్రము అన్నము పెట్టు తల్లి. ఆ తల్లి కోపమును వారు మరువలేరు. 1977 నవంబరు 19వ తేదీ తుపానున దివిసీమ ఉప్పెనలో మునిగినది. గుంటూరు జిల్లా తీరమును దాని వాత పడినది. పదివేలకు పైగా జనులు మరణించిరి. నాడు మన దేశమునకు వాతావరణమును కనిపెట్టు సొంత ఉపగ్రహము లేదు.

2024 ఫిబ్రవరి 17వ తేదీన ఇన్‌శాట్-3డీఎస్ అను వాతావరణ ఉపగ్రహమును ప్రయోగింతురని విని, చెన్నపట్టణము పోవుచున్న మేము త్రోవలో శ్రీహరికోట చూడ నిశ్చయించుకొంటిమి. రేపల్లెలో బయలుదేరి, తెనాలిలో బండి మారి, నిడుబ్రోలు మీదుగా బాపట్ల చేరితిమి. అచ్చట బండిలో సాగిన సంభాషణ అంతయు 2023 డిసెంబరు 5న ఆ సమీపముననే తీరము దాటిన మిచౌంగ్ తుపానును గూర్చియే. కోతకు వచ్చిన వరి నీట మునిగినది. కాని తీరగ్రామములవారిని ముందే సురక్షిత స్థలములకు చేర్చిరి. 1977కును దీనికిని గల భేదమిది.

సూళ్లూరుపేటనుండి దీవికి పోవు రోడ్డు పులికాట్ సరస్సు నడుమనుండి సాగును. మాతో వచ్చిన పిల్లలు రాకెట్టు మాట మరచి ఫ్లెమింగో పక్షులను లెక్కించుచు కూర్చుండిరి.

ఈ దీవిని 1969లో ఎన్నుకొనిరి. తూర్పున సముద్రమే గనుక, గురి తప్పిన రాకెట్టు జనావాసములపై పడదు. తూర్పుదిక్కునకు ఎగయు దానికి భూభ్రమణము సెకనుకు సుమారు 450 మీటర్ల వేగమును ఉచితముగా ఇచ్చును. అయితే ఈ దీవి అడవిలో పూర్వమునుండి యానాదులు నివసించుచుండిరి; కేంద్రము కొరకు వారు స్థలము విడువవలసివచ్చినది. రాకెట్ల చరిత్ర వ్రాయువారు ఈ సంగతిని ఒక్క వాక్యముతో దాటవేయుట మాకు న్యాయముగా తోపదు. మేమును అంతకంటె ఎక్కువ వ్రాయలేదు.

1971 అక్టోబరు 9న ఇచ్చటినుండి తొలి రోహిణి రాకెట్టు ఎగసినది. ఉపగ్రహమును మోయదగిన ఎస్.ఎల్.వి.-3 మాత్రము 1979 ఆగస్టు 10న బంగాళాఖాతమున కూలినది. నాడు పత్రికలవారికి సమాధానము చెప్పినవాడు సంస్థాధ్యక్షుడు సతీశ్ ధవన్. 1980 జూలై 18న అదే రకపు రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలుపగా, ఆయన విలేకరుల ఎదుట అబ్దుల్ కలామ్‌ను నిలిపెను. 2002లో ఈ కేంద్రమునకు ధవన్ పేరే పెట్టిరి.

సాయంకాలము 5 గంటల 35 నిమిషములకు జి.ఎస్.ఎల్.వి. కదలినది. మొదట వెలుగు, తరువాత, మేము దానిని మరచిన క్షణమున, గుండెను తాకిన ధ్వని. సుమారు 19 నిమిషములకు ఉపగ్రహము వేరుపడినదని ప్రకటించిరి. అది క్రమముగా 36,000 కిలోమీటర్ల ఎత్తునకు చేరి, భూమితో సమముగా తిరుగుచు, బంగాళాఖాతపు మేఘములను రేయింబవళ్లు చూచును.

తిరుగు త్రోవలో, సూళ్లూరుపేట స్టేషనున, నిజాంపట్నము వైపునుండి వచ్చిన ఒక ముసలమ్మ, “ఇది ఎప్పటినుంచి పని చేస్తుంది నాయనా?” అని అడిగినది. కొన్ని వారములు పట్టునని చెప్పితిమి. 1990 మే 9వ తేదీ తుపాను ఆమెకు జ్ఞప్తియందున్నది కాబోలు, వ్రేళ్లపై మాసములు లెక్కించి, “అయితే వైశాఖానికి అందుకుంటుంది,” అన్నది.