బట్: ఒక ఆంగ్ల అవ్యయం అర్థచరిత్ర

రెండు విషయాల మధ్య వైరుధ్యాన్ని తెలపడానికి ఆంగ్లంలో అన్నిటికంటె ఎక్కువగా వాడే సముచ్చయం, అంటే పదాలను గాని వాక్యాలను గాని కలిపే అవ్యయం, ‘బట్’. ఆ భాషలో అతి తరచుగా వినిపించే మొదటి యాభై మాటల్లో ఇది ఒకటి. తెలుగులో దీనికి ‘కాని’, ‘అయితే’ అని అర్థం చెప్పడం పరిపాటి. వైరుధ్యమే నేడు దీని ప్రధానార్థమైనా, చరిత్రలో అది ఆలస్యంగా వచ్చి చేరినదే. తొలి అర్థం ‘వెలుపల’, దానినుంచి పుట్టినది ‘తప్ప’, ఆ తరువాతిది ‘కాని’.

ప్రాచీనాంగ్లంలో, అనగా సుమారు 5వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం వరకు ఇంగ్లండులో వ్యవహారంలో ఉన్న భాషలో, దీని రూపం ‘బూటన్’. ‘దగ్గర’ అనే అర్థమున్న ‘బె’, ‘బయటినుంచి’ అనే అర్థమున్న ‘ఊటన్’ కలిసి ఈ మాట ఏర్పడింది; నేటి ‘అవుట్’ ఈ ఊటన్‌కు దగ్గరి చుట్టం, ‘అబౌట్’ అనే మాటలోనూ ఈ బూటనే దాగి ఉంది. స్కాట్లండు పల్లెల్లో రెండు గదుల చిన్న ఇంటిని ‘బట్ అండ్ బెన్’ అంటారు. వీధి తలుపు తీయగానే అడుగుపెట్టే గది, చాలా ఇళ్లలో వంట జరిగేది కూడా అక్కడే, ‘బట్’. దాని గుండా వెళ్లి చేరవలసిన లోపలి గది ‘బెన్’. వెయ్యేళ్లనాటి స్థలార్థం ఇంత చెక్కుచెదరకుండా మరెక్కడా నిలవలేదు.

ఒక గుంపులోనుంచి ఒకరిని వెలుపల నిలబెట్టడమే మినహాయింపు గనుక, ‘వెలుపల’ నుంచి ‘తప్ప’కు దారి సులువుగానే పడింది. ప్రాచీనాంగ్ల కావ్యమైన ‘బేవుల్ఫ్’లో గ్రెండెల్ అనే రాక్షసుడు వచ్చే రాత్రి ఒక్కడు తప్ప వీరులందరూ నిద్రపోయారని చెప్పేచోట బూటన్ ఈ అర్థంలోనే ఉంది. ఆ కాలంలో ‘కాని’ అని చెప్పడానికి ‘ఆక్’ అనే వేరొక మాట ఉండేది. 14వ శతాబ్దం చివరికి వచ్చేసరికి లాంగ్లండ్ అనే కవి ‘పియర్స్ ప్లౌమన్’లో ఇంకా ఆక్‌ను విరివిగా వాడుతుండగా, అతని సమకాలికుడైన కవి చాసర్ లండన్ భాషలో బట్‌నే ఎంచుకున్నాడు, ఆ తరువాత ఆక్ క్రమంగా కనుమరుగైంది. ‘అందరూ వచ్చారు, ఒక్కడు తప్ప’ అనే వాక్యంలో ‘ఒక్కడు’ స్థానాన్ని ‘ఒక్కడు రాలేదు’ అనే పూర్తి వాక్యం ఆక్రమిస్తే మినహాయింపు దానంతట అదే వైరుధ్యమవుతుంది. ‘కేవలం’ అనే అర్థం వచ్చిన తీరు మరింత ఆసక్తికరం: ‘అతడు పసివాడు తప్ప మరేమీ కాడు’ అనే తరహా వాక్యంలో వ్యతిరేకార్థక పదమైన ‘నె’ కాలక్రమాన జారిపోగా, మిగిలిన బట్ ఒక్కటే ‘పసివాడు మాత్రమే’ అనే భావాన్ని మోయవలసి వచ్చింది.

షేక్‌స్పియర్ నాటకాల్లోను, 1611 నాటి బైబిలు అనువాదంలోను ‘తప్ప’, ‘కాని’, ‘కేవలం’ అనే ఈ అర్థాలన్నీ కలిసే కనిపిస్తాయి.

ఈ చిన్న మాటను తత్త్వవిచారానికి తగిన వస్తువుగా గుర్తించిన ఘనత ఆంగ్ల తాత్త్వికుడు జాన్ లాక్‌ది. 1690 నాటి తన ‘మానవ అవగాహనపై వ్యాసం’ మూడవ భాగం ఏడవ అధ్యాయంలో, లాటిన్ ‘సెడ్’కు, ఫ్రెంచి ‘మే’కు ఇది సమానార్థకమని చెప్పి ఊరుకుంటే సరిపోదని వాదించి, అయిదు ఉదాహరణలతో అయిదు వేరువేరు మనోవ్యాపారాలను విడదీసి చూపాడు. తర్కంలో రెండవ ఆధారవాక్యాన్ని మొదటిదానికి జతచేసే బట్‌లో వైరుధ్యమే లేదన్న సూక్ష్మాన్ని పట్టుకున్న ఆ పరిశీలన నేటికీ తాజాగా ఉంది. లాక్ గ్రంథానికి సమాధానంగా జర్మన్ తాత్త్వికుడు లైబ్నిట్జ్ రాసిన పుస్తకం 1765లో, అతని మరణానంతరం, వెలువడింది. అర్థాలను లెక్కపెట్టడంతో ఆగకుండా, అన్ని ప్రయోగాల్లోను ఇమిడే ఒకే వివరణను వెదకాలని అందులో అతడు కోరాడు. ఈ లోపు 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో దీని అర్థాలను సాహిత్యోదాహరణలతో వరుసగా పేర్చాడు. జాన్ హార్న్ టూక్ దారి వేరు. అమెరికా వలసవాసుల పక్షాన చేసిన ప్రకటనకుగాను 1777లో శిక్షపడిన ఈ రాజకీయవాది, తన నేరనిర్ణయం కొన్ని అవ్యయాల అర్థం మీదనే నడిచిందని నమ్మి వాటి పుట్టుక వెదకడానికి పూనుకున్నాడు. 1786 నాటి ‘డైవర్షన్స్ ఆఫ్ పర్లీ’లో బట్ నిజానికి ఒకేలా వినిపించే రెండు మాటలని, ఒకటి ‘చేర్చు’ అనే క్రియనుంచి, రెండవది బూటన్ నుంచి వచ్చాయని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనను తరువాతి పండితులు అంగీకరించలేదు, అయినా ప్రతి అవ్యయానికీ ఒక చరిత్ర ఉంటుందన్న పట్టుదలకు అతడు గౌరవార్హుడు.

ఆధునిక తర్కశాస్త్రంలో గాట్లోబ్ ఫ్రేగె 1879లో జర్మన్ పదాలను తీసుకుని, ‘మరియు’ స్థానంలో ‘కాని’ పెట్టినా వాక్యం సత్యాసత్యాలు మారవని, అనుకున్నదానికి భిన్నమైనది రాబోతోందన్న సూచన మాత్రమే చేరుతుందని చెప్పాడు. ‘ఆమె పేదరాలు కాని నిజాయితీపరురాలు’ అనే తరహా ఉదాహరణను తాత్త్వికుడు పాల్ గ్రైస్ 1961లో చర్చించాడు. పేదలలో నిజాయితీ అరుదన్న అభిప్రాయాన్ని ఈ వాక్యం నోరు విప్పి చెప్పకుండానే వినేవారి మనసులో నాటుతుంది. 1971లో భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ రెండు విషయాలను ఎదురెదురుగా నిలిపే ప్రయోగాన్ని, ఎదురుచూసినదాన్ని కాదనే ప్రయోగాన్ని వేరుచేసింది.

వాక్యాన్ని బట్‌తో మొదలుపెట్టరాదని బడిలో చెప్పే నియమానికి చరిత్రలో ఆధారం లేదు; 1787 నాటి అమెరికా రాజ్యాంగంలోనే అలాంటి వాక్యాలున్నాయి. స్కాట్లండులోను, ఆస్ట్రేలియాలోను దీన్ని వాక్యం చివర ‘అయినా సరే’ అనే భావంతో వాడేవారున్నారు.

తెలుగులో బట్ చేసే ఈ పనులు వేరువేరు మాటలకు పంచబడ్డాయి: మినహాయింపుకు ‘తప్ప’, ‘వినా’, ‘మినహా’, పరిమితికి ‘మాత్రమే’, వైరుధ్యానికి ‘కాని’, ‘అయితే’. ‘వాన పడితే గాని నాట్లు పడవు’ వంటి వాక్యాల్లో మాత్రం మన ‘కాని’ కూడా మినహాయింపు వైపు వెళుతుంది. అయినా ‘ఆల్ బట్’ అంటే ‘దాదాపు’ అని, ‘ఎనీథింగ్ బట్’ అంటే ‘ఎంతమాత్రమూ కాదు’ అని, ‘లాస్ట్ బట్ వన్’ అంటే ‘చివరినుంచి రెండవది’ అని గ్రహించడానికి ‘కాని’ అనే అర్థం తోడ్పడదు. ఇలాంటి పదబంధాలు ఎదురైనప్పుడు అనువాదకులు ముందుగా ‘తప్ప’ అనే అర్థాన్ని పెట్టి చూసుకోవడం మంచిది.